ముందు పోయినవాళ్ళు ఆగాలి

రిన్‌స్కె కనుమ పైకి చేరేసరికి అన్న అక్కడ లేడు.

కొయ్య శిలువ ఉంది. దాని కాళ్ళ దగ్గర ఎవరో కట్టిన ప్లాస్టిక్ పూలు ఎండకు వెలిసిపోయి ఉన్నాయి. పక్కనే కూర్చోవడానికి వీలుగా బల్లపరుపు బండ కూడా ఉంది. ఆ బండ మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, "వచ్చావా నత్తమ్మా? ఇంకాసేపైతే ఇక్కడే ఇల్లు కట్టుకుందామనుకున్నా" అనాల్సిన మనిషి మాత్రం లేడు.

ఆమె సైకిల్ దిగి హ్యాండిల్ మీద వాలి ఊపిరి తీసుకుంది. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. టైము పన్నెండుంపావు. సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు, చుట్టూ కోసి ఆరబెట్టిన గడ్డి వాసన. "డౌవె!" అని పిలిచింది. కింద ఎక్కడో ఆవు మెడ గంట మోగింది, అంతే.

ఏడు వారాల క్రితం ఇద్దరూ డచ్‌వాళ్ళ దేశంలో, ఫ్రీస్‌లాండ్‌లోని తమ ఊరి నుంచి బయల్దేరారు. జర్మనీ, చెక్, స్లొవాకియా, హంగరీ దాటి ఇప్పుడు రుమేనియా కొండల్లో ఉన్నారు. నల్ల సముద్రం దాకా తొక్కాలన్నది డౌవె పట్టుదల. ముప్ఫై ఆరేళ్ళు కాలువ మీది ఎత్తే వంతెన దగ్గర కాపలా పనిచేసి, అరవై నాలుగో ఏట పదవీ విరమణ చేసిన మనిషి. పడవ వస్తే వంతెన ఎత్తడం, దాటాక దించడం. "జీవితమంతా వేరేవాళ్ళు పోతుంటే చూశాను, ఇక నేనూ కాస్త పోతాను" అన్నాడు. వృద్ధాశ్రమం వంటగదిలో పనిచేసి మోకాళ్ళు అరగదీసుకున్న చెల్లెలు, యాభై ఏడేళ్ళది, "ఒక్కడివే పోయి ఏ కాలువలోనో పడతావు, నేనూ వస్తా" అంది.

డౌవెకి పదిహేనేళ్ళుగా షుగర్. తిండికి ముందు ఇన్సులిన్ సూది వేసుకోవాలి. అది పని మొదలెట్టడానికి పావుగంట పడుతుంది. ఎక్కుడు వచ్చిందంటే అతను ముందు పోతాడు. ఆమె వెనక నెమ్మదిగా తొక్కుతూ వస్తుంది. ఆ ఎడం కూడా పావుగంటే. అందుకని వాళ్ళ ఏర్పాటు ఎలా కుదిరిందంటే, భోజనం చేసే చోటికి అతను ముందు చేరి సూది వేసుకుని కూర్చుంటాడు. ఆమె తిండి సంచితో వచ్చేసరికి సరిగ్గా తినే వేళవుతుంది. "చూడు, గడియారం కూడా ఇంత కచ్చితంగా ఉండదు" అని మురిసిపోయేవాడు. ఆమెకు అది మొదటి నుంచీ నచ్చలేదు. అయినా నలభై రోజులు ఒక్క నిమిషం తేడా రాకుండా సాగేసరికి నోరు మూసుకుంది.

ఇవాళ భోజనం కనుమ పైన అనుకున్నారు. తిండి, గ్లూకోజ్ బిళ్ళలు, పళ్ళరసం, రేగుపళ్ళ జామ్ సీసా, తీపి అన్నది ఏదైనా సరే, అంతా ఆమె హ్యాండిల్ సంచిలోనే ఉంది.

బండ చుట్టూ తిరిగి చూసింది. సైకిల్ జాడ లేదు. ఫోన్ తీసింది. సిగ్నల్ గీత ఒక్కటి వచ్చి, మళ్ళీ పోయింది. వచ్చినా లాభం లేదు. డౌవె తన ఫోన్‌ని పగలంతా ఆపి ఉంచుతాడు. "అవసరం పడితే వాడాలి కదా, అందుకే ఛార్జి దాస్తున్నా" అంటాడు. అవసరం అతనికి పడితే సరే, ఇంకొకరికి పడితే ఎలా అని ఆమె ఎన్నిసార్లు అడిగిందో.

పది నిమిషాలు చూసింది. అతను దిగువకు వెళ్ళిపోయి ఉంటాడు. ఎందుకు వెళ్ళాడు? ఇక్కడ ఆగుదామని పొద్దున తనే అన్నాడు. వాళ్ళకున్నది ఒకే ఒక్క నియమం, ముందు పోయినవాళ్ళు ఆగాలి. కనుమ పైన ఆగాలి, దారి చీలిన ప్రతి చోటా ఆగాలి. వెనకవాళ్ళు వచ్చి ముఖం చూపించేదాకా కదలకూడదు. ఆ నియమం పెట్టిందీ డౌవే. వంతెన దగ్గర పనిచేసినవాడికి నియమమంటే నియమమే.

నియమం తప్పాడంటే అతను అతనుగా లేడన్నమాట.

హంగరీలో ఒకసారి ఇలాగే అయింది. మొక్కజొన్న చేల మధ్య చీలిక దగ్గర ఆగకుండా పోయాడు. ఆమె గంట కొట్టుకుంటూ మూడు కిలోమీటర్లు తరిమి పట్టుకుంది. ఒళ్ళంతా తడిసిపోయి, ఎవరినో చూసి నవ్వినట్టు నవ్వుతూ తొక్కుతున్నాడు. షుగర్ పడిపోయింది. జేబులో గ్లూకోజ్ బిళ్ళలున్నాయి, తినాలన్న సంగతే మర్చిపోయాడు. ఆ రోజే ఆమె ఆ బిళ్ళల్ని కూడా లాక్కుని తన సంచిలో పెట్టుకుంది. "నీ దగ్గరుండి ఏం లాభం? నా దగ్గరుంటే నేనైనా నోట్లో కుక్కుతా" అంది.

ఇప్పుడు అతను ఈ కొండ దిగువలో ఎక్కడో ఉన్నాడు. సూది వేసుకున్నాడో లేదో తెలియదు. వేసుకునే ఉంటాడు. ఎప్పుడూ వేసుకుంటాడుగా.

రిన్‌స్కె సైకిలెక్కింది.

దిగుడంటే ఆమెకు వణుకు. స్లొవాకియాలో ఒక మలుపు దగ్గర కంకర మీద జారి, భుజం మీద పడి, కంచె దాకా ఈడ్చుకుపోయిన దగ్గర్నుంచి ప్రతి దిగుడులోనూ రెండు బ్రేకులూ పట్టుకునే దిగుతుంది. ఇప్పుడూ పట్టుకుంది. ప్రతి మలుపు దగ్గరా ఆగి, అంచుకు వెళ్ళి, లోయలోకి తొంగి చూసింది. ఫర్ చెట్లు, ముళ్ళ పొదలు, ఎక్కడో నీళ్ళ చప్పుడు. ఒక మలుపులో కింద పసుపు రంగుది ఏదో కనబడింది. అతని వాన కోటు పసుపే. కళ్ళు చిట్లించి చూస్తే పాత ప్లాస్టిక్ డబ్బా.

నాలుగు కిలోమీటర్లు దిగాక దారి రెండుగా చీలింది. చీలిక దగ్గర పాల డబ్బాలు పెట్టే చెక్క అరుగు ఉంది. మనిషి లేడు.

ఎడమ దారి తారు రోడ్డు, కింద ఊరికి పోతుంది. కుడి దారి మట్టిది. వాళ్ళు పోవాల్సింది కుడివైపే. ఆమె వంగి చూసింది. రాత్రి పడిన వానకు నేల మెత్తబడి ఉంది. బురదలో స్పష్టంగా ఒక సైకిల్ చక్రం జాడ! కుడివైపే పోతోంది. వంకరటింకరగా పోతోంది.

"దేవుడా, ఎలా తొక్కుతున్నాడో చూడు" అని పైకే అంది.

ఆ జాడ పట్టుకుని వేగంగా తొక్కింది. జాడ గడ్డిలోకి దిగి, మళ్ళీ దారి మీదికొచ్చింది. ఒకచోట కాలు కింద మోపిన గుర్తు కూడా ఉంది. ఆమెకు ధైర్యం, భయం రెండూ కలిసి వచ్చాయి. ఇటే వచ్చాడు. కానీ పడిపోతూ లేస్తూ వచ్చాడు. "డౌవె, ఆగు! నేను వస్తున్నా, ఆగు!" అని అరుచుకుంటూ తొక్కింది. ఎవరూ బదులు పలకలేదు.

మూడో కిలోమీటరు దగ్గర కుక్కలు లేచాయి.

మొదట అరుపు వినబడింది. తర్వాత గడ్డి గట్టు మీది నుంచి మూడు తెల్లటి ముద్దలు దొర్లినట్టు దిగాయి. మంద కాసే కుక్కలు. దూడంత ఉన్నాయి. మరీ ఉరకకుండా మెడకు కట్టిన కర్రముక్కలు మోకాళ్ళకు తగిలి టకటకమంటున్నాయి. తొక్కి తప్పించుకుందామనుకున్నవాళ్ళ పిక్కలు ఏమయ్యాయో దారిలో కలిసిన ప్రతి సైకిల్ యాత్రికుడూ చెప్పాడు. దిగాలి. సైకిల్‌ని అడ్డం పెట్టుకోవాలి. కళ్ళలోకి చూడకూడదు. పరిగెత్తకూడదు.

దిగింది. సైకిల్‌ని అడ్డం పెట్టింది. కాళ్ళు మాత్రం ఆమె మాట వినడం లేదు, వాటంతటవే వెనక్కి పోతున్నాయి. రెండు కుక్కలు ముందు నిలబడి మొరుగుతుంటే మూడోది చుట్టూ తిరిగి వెనకగా వచ్చింది. దాని ఊపిరి వెచ్చగా మడమకు తగిలింది. సైకిల్ తిప్పింది. ముందున్నవి ఒక అడుగు దగ్గరికొచ్చాయి. పెద్దది వెనక సంచిని కరిచి లాగింది, సైకిల్ చేతుల్లోంచి ఊడిపోబోయింది.

"వదులు!" అని ఆమె ఫ్రీసియన్‌లోనే, తమ ఇంటి భాషలోనే అరిచింది. "నీకు దండం పెడతా, వదులు! మా అన్న చచ్చిపోతాడు!"

గట్టు మీది నుంచి ఈల వినబడింది. పెద్ద కుక్క సంచిని వదిలి, ఏమీ జరగనట్టు పక్కకు తిరిగి ఒళ్ళు దులుపుకుంది.

రబ్బరు బూట్లు, పూల గౌను, దాని మీద మగవాళ్ళ కోటు వేసుకున్న ఒకామె కర్ర ఊపుకుంటూ దిగింది. నలభై ఐదేళ్ళుంటాయి. సైకిల్ మీద అతికించిన చిన్న జెండా చూసింది. చూసి, ముక్కలు ముక్కలుగా డచ్‌లో మొదలెట్టింది.

"భయం వద్దు మేడమ్. ఇవి పొద్దునే తిన్నాయి. ఇప్పుడు ఊరికే డ్యూటీ చేస్తున్నాయి."

రిన్‌స్కె ఆమె నోటి వైపే చూసింది.

"ఆశ్చర్యమా? మీ దేశంలో టమాటాలు కోశాను, నాలుగేళ్ళు, అద్దాల షెడ్డులో. మీ మేస్త్రీ నాకు నేర్పిన మొదటి మాట 'తొందరగా'. రెండో మాట 'ఇంకా తొందరగా'. నా పేరు వెటూరియా. కూర్చో, ముఖంలో రక్తం లేదు నీకు."

"కూర్చోలేను. మా అన్న... సైకిల్ మీద ఇటు వచ్చాడు, గంట అయ్యుంటుంది. పెద్ద మనిషి, పసుపు కోటు. ఎంత దూరం పోయుంటాడు?"

వెటూరియా తల అడ్డంగా ఊపింది. "ఇటు ఎవరూ రాలేదు."

"వచ్చాడు. జాడ చూసుకుంటూ వచ్చాను."

"నేను అబద్ధం ఆడినా ఆడతానేమో గానీ మేడమ్, ఇవి ఆడవు." కుక్కల్ని చూపించింది. "ఇవాళ పొద్దుట్నుంచి ఇవి మొరిగింది నీ ఒక్కదాన్నే చూసి."

"మరి ఈ జాడ?"

వెటూరియా నేల మీదికి చూసి, నవ్వబోయి, రిన్‌స్కె ముఖం చూసి ఆపుకుంది. కర్రతో కంచె వైపు చూపించింది. తుప్పు పట్టిన పాత సైకిల్ ఒకటి కంచెకు ఆనించి ఉంది. టైరు నిండా బురద. "మా మరిది గవ్రిలదే. పొద్దున చీలిక దాకా వెళ్ళి నేనే జున్ను ఇచ్చొచ్చాను. తలకాయంత ముద్ద ఒక చేత్తో పట్టుకుని తొక్కితే ఎలా పోతుంది, పాములాగే పోతుంది."

రిన్‌స్కె ఆ టైరు వైపే చూస్తూ నిలబడిపోయింది.

డౌవె ముందు లేడు. ఎన్నడూ లేడు. కనుమ పైన లేడంటే దాటిపోయాడని కాదు. ఇంకా అక్కడికి రాలేదని. ఏడు వారాల్లో ఒక్కసారి కూడా అతను ఆమె వెనక లేడు, అందుకే ఆ ఆలోచన దగ్గరికే రాలేదు. ఎక్కేటప్పుడు పైకి చూస్తే భయమని ముందు చక్రం మీదే కళ్ళు పెట్టి, పెడల్ తొక్కుళ్ళు లెక్కపెట్టుకుంటూ వచ్చింది. దారి పక్కన ఎక్కడో ఆగిన మనిషిని దాటి వచ్చేసింది. అతనేమో చెల్లెలు ఇంకా కిందే ఉందనుకుంటాడు. పావుగంటలో వస్తుందనుకుంటాడు. సూది వేసుకుంటాడు. కూర్చుంటాడు.

ఆమె అతని తిండితో సహా గంట సేపు అతనికి దూరంగా తొక్కింది. భయపడినకొద్దీ ఇంకా వేగంగా దూరం పోయింది.

"ఇన్సులిన్" అంది. "వేసుకుని ఉంటాడు. తినడానికి ఏమీ లేదు అతని దగ్గర. అంతా నా దగ్గరే ఉంది."

వెటూరియా ముఖం మారింది. "మా మామకీ షుగరే" అంది మెల్లగా. "ఒకసారి పొలంలో పడిపోయాడు. సరే. విను. గవ్రిల జీపు తీసుకుని కనుమ అవతలి ఊళ్ళో ఉన్నాడు, వాళ్ళ అక్క ఇంట్లో నామకరణం. ఇక్కడ ఫోన్ పలకదు. ఆ గుట్ట ఎక్కితే పలుకుతుంది. నేను ఎక్కి వాడికి చెప్తా, అంబులెన్సుకీ చెప్తా. కానీ వాడు తాగి ఉంటే? ఫోన్ ఎత్తకపోతే? నువ్వు ఆగకు. పో. ఆ సంచులన్నీ ఇక్కడ పడెయ్యి, ఎవడూ ముట్టుకోడు. ముట్టుకుంటే ఇవి ఊరుకోవు. పో మేడమ్! తొందరగా!"

రిన్‌స్కె వెనక సంచులు రెండూ ఊడదీసి గడ్డిలో పడేసింది. హ్యాండిల్ సంచి ఒక్కటే ఉంచుకుంది. ఒంటి గంటా ఇరవై అయింది. వెనక్కి తిరిగి చూస్తే వెటూరియా గౌను మోకాళ్ళ పైకి ఎత్తి పట్టుకుని గుట్ట మీదికి పరిగెడుతోంది. కుక్కలు ఆమె వెంట ఉత్సాహంగా గెంతుతున్నాయి.

చీలిక దాకా ఎలా వచ్చిందో తెలియదు. అక్కడి నుంచి ఎక్కుడు. ఇందాక రెండు బ్రేకులూ పట్టుకుని దిగిన నాలుగు కిలోమీటర్లు ఇప్పుడు గోడలా నిలబడ్డాయి. అన్నిటికన్నా చిన్న గేరు వేసినా మోకాలు కలుక్కుమంటోంది. లెక్క మొదలెట్టింది, వంద తొక్కుళ్ళు, మళ్ళీ వంద. లెక్క మధ్యలో వేరే లెక్క దూరుతోంది. పన్నెండూ ఇరవైకి సూది వేసుకున్నాడనుకో. ఒంటిగంటకు చెమటలు. ఒంటిగంటన్నరకు చేతులు వణుకుతాయి. తర్వాత మాట తడబడుతుంది. తర్వాత? వృద్ధాశ్రమంలో ఒకసారి చూసింది. భోజనం ట్రాలీ ఆలస్యమైన రోజు, ఏడో గదిలో ఉండే ముసలాయన. ట్రాలీ తోసింది ఆమే.

ఇంకో మలుపు. ఇక దిగి నడుస్తూ తోసింది. మళ్ళీ ఎక్కింది. నోట్లో ఇనుము రుచి.

తిండంతా నా దగ్గరే ఎందుకు పెట్టుకున్నాను?

ఎవరూ అడగకపోయినా ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. హంగరీలో జరిగింది సాకు. అంతకు చాలా ముందే, జర్మనీలో మొదటి వారంలోనే, తిండి సంచి తన సైకిల్ మీదికి మార్చుకుంది. ఆ వారం ఒక అడవిలో డౌవె ఆమె కోసం ఆగకుండా గంటన్నర ముందు పోయాడు. వాన. ఫోన్ ఆపేసి ఉంది. ఆ గంటన్నర ఆమె ఏడ్చుకుంటూ తొక్కింది. నియమం ఆ తర్వాతే పుట్టింది. కానీ నియమం మీద ఆమెకు నమ్మకం కుదరలేదు. ఆకలి మీద కుదిరింది. రొట్టె తన దగ్గరుంటే వదిలి పోడు. ఆగుతాడు. ఆగి తీరాలి.

ఆగాడు. ఇప్పుడు ఆగే ఉన్నాడు.

"కదులు" అని అతనికి చెప్పుకుంది, అతను వినేటట్టు. "ఎవర్నైనా పిలువు. కారు ఆపు. ఒక్కసారి నియమం తప్పు, నీ కాళ్ళు పట్టుకుంటా."

శిలువ కనబడేసరికి రెండూ పది అయింది. ఆగలేదు. అవతలి వైపు దిగుడులోకి సైకిల్‌ని వదిలేసింది. బ్రేకులు పట్టలేదు. గాలికి కళ్ళలో నీళ్ళు కారుతున్నాయి, మలుపులో వెనక చక్రం పక్కకు జరిగింది, జరగనిచ్చింది. చూడాల్సింది ఎడమ పక్క, కుడి పక్క. పొద. గడ్డిమేటు. గట్టు. కిలోమీటరున్నర దిగాక రోడ్డు పక్కన నీటి ఊట, కొయ్య తొట్టి కనబడ్డాయి. తొట్టి పక్కన బెంచీ. బెంచీ మీద నీలం టోపీ.

టోపీ ఉంది. తల లేదు.

సైకిల్ ఎక్కడ పడేసిందో చూసుకోలేదు. "డౌవె!" బెంచీ వెనక గడ్డి కొట్టం ఉంది. దాని నీడలో అతని సైకిల్ తలకిందులుగా నిలబెట్టి ఉంది, వెనక చక్రం లేదు. చక్రం గడ్డిలో పడి ఉంది, ట్యూబు పేగులా బయటికొచ్చి ఉంది. అతుకు వెయ్యబోయి వెయ్యలేక వదిలేసిన పంచరు సామాను చెల్లాచెదురుగా ఉంది. కాఫీ హోటళ్ళలో ఇచ్చే చక్కెర పొట్లాలు రెండు చింపి పడేసి ఉన్నాయి.

అతను కొట్టం గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కాళ్ళు ముందుకు చాపి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, బుద్ధిమంతుడిలా. ముఖం కొవ్వొత్తిలా ఉంది. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ అవి ఆమె మీద నిలవలేదు.

"డౌవె. నేను. నోరు తెరువు."

జామ్ సీసా మూత రావడం లేదు. చొక్కా అంచుతో పట్టి తిప్పింది. వేలితో తీసి పెదాల దగ్గర పెట్టింది. అతను మొహం తిప్పేశాడు. మళ్ళీ పెట్టింది. చేత్తో కొట్టాడు. గట్టిగానే కొట్టాడు. సీసా దొర్లింది, ఆమె మీద పడి పట్టుకుంది.

"అటు నిలబడండి" అన్నాడు ముద్దముద్దగా, చాలా మర్యాదగా. "పడవ ఇంకా దాటలేదు."

"డౌవె, నేను రిన్‌స్కెని."

"ఎవరైనా సరే. పడవ దాటేదాకా ఆగాలి. అందరికీ ఒకటే."

బలవంతంగా నోట్లో పెట్టబోతే పళ్ళు బిగించాడు. అతని ఒళ్ళు ఒక్కసారి జలదరించింది. ఇంకాసేపైతే మింగడం కూడా రాదు. అప్పుడు పెట్టినా లాభం లేదు, గొంతుకు అడ్డం పడుతుంది. ఆమెకు అది తెలుసు. వంటగదిలో అందరికీ ముందు నేర్పేది అదే. అతని భుజాలు పట్టుకుంది. లోపల ఏడుపు తన్నుకొస్తోంది, దాన్ని మింగి, కాలువ ఒడ్డున అరిచే పడవవాళ్ళ గొంతు తెచ్చుకుంది.

"పడవ దాటేసింది, కాపలాదారు గారూ! చివరిది కూడా దాటేసింది. వంతెన దించండి."

అతను కనుబొమలు ముడిచాడు. "ఎన్ని?"

"రెండు పడవలు. ఇసుకది ఒకటి, బీట్‌దుంపలది ఒకటి. పోతూ మీకోసం ఇది ఇచ్చి పొమ్మన్నారు. రుచి చూడండి, లేకపోతే బాగుండదు."

అతను కాసేపు ఆలోచించాడు. తర్వాత పిల్లవాడిలా నోరు తెరిచాడు.

వేలితో జామ్ చెంప లోపల రాసింది. మింగేదాకా గొంతు మీదే చూపు పెట్టింది. మింగాడు. మళ్ళీ. ఒకసారి వేలు కొరికాడు, కొరకనిచ్చింది. తర్వాత పళ్ళరసం గుక్క గుక్కగా. సగం చొక్కా మీదే కారింది. ఎన్ని నిమిషాలైందో తెలియదు. కొట్టం చూరు కింద కందిరీగ ఒకటి తిరుగుతూనే ఉంది. అతని నుదుటి మీద చెమట తుడిచినకొద్దీ వస్తోంది. ఏమీ మారడం లేదనుకుంది. ఆలస్యమైపోయిందనుకుంది.

అప్పుడు అతను ఆమె ముఖం వైపు చూశాడు. నిజంగా చూశాడు.

"రిన్‌స్కె" అన్నాడు. "ఎందుకు ఏడుస్తున్నావు? నీ మొహం నిండా జామ్."

ఆమె రొట్టె విరిచి ఇచ్చింది.

"ఎక్కడ చచ్చావు ఇంతసేపు? ఎప్పుడో సూది వేసుకున్నా. ట్యూబు గాలి దిగుతుంటే నీడలోకి తెచ్చి బాగుచేద్దామని ఇటొచ్చా, నువ్వొచ్చాక ఇక్కడే తిందామనుకున్నా. ఆ వంపు దాకా నడిచి చూసొచ్చా, నువ్వు లేవు. కిందే పడిపోయావనుకున్నా. స్లొవాకియాలోలాగా." రొట్టె ఒక ముక్క కొరికాడు. "దిగి వెతుకుదామంటే చక్రం ఊడదీసి ఉంది, చేతులు పనిచెయ్యడం లేదు, ఫోన్ వేస్తే సిగ్నల్ లేదు. రెండు కార్లు పోయాయి. చెయ్యి ఊపాను."

"ఆపలేదా?"

"వాళ్ళూ చెయ్యి ఊపారు."

ఆమెకు నవ్వు వచ్చింది. నవ్వుతూనే రొట్టె ఇంకో ముక్క విరిచింది.

జీపు అప్పుడొచ్చింది. గవ్రిల నామకరణం చొక్కాలో, కాలరులో రుమాలుతో, చేతిలో రెండు లీటర్ల తీపి సోడా సీసాతో దిగాడు. అతనికి డచ్ రాదు. సీసా ఇచ్చి, డౌవెని పైనుంచి కిందికి చూసి, బతికే ఉన్నాడని తేల్చుకున్నాక శిలువ గుర్తు వేసుకున్నాడు. తర్వాత ఆమె భుజం తట్టి, రోడ్డు పక్కకు వెళ్ళి సిగరెట్ వెలిగించుకున్నాడు. మరో ముప్పావుగంటకు అంబులెన్సు వచ్చింది. నర్సు డౌవె వేలు గుచ్చి, అంకె చూసి, రుమేనియన్‌లో చాలాసేపు తిట్టింది. ఏమంటోందని డౌవె అడిగితే గవ్రిల చేతులతో అభినయించి చూపించాడు. ముసలివాడా, అన్నం ముందు, సూది తర్వాత.

ఆ సాయంత్రం గవ్రిల ఇద్దర్నీ సైకిళ్ళతో సహా జీపులో ఇంటికి తీసుకొచ్చాక వెటూరియా మొక్కజొన్న సంకటి, గొర్రె జున్ను పెట్టింది. డౌవె ప్రతి ముద్దకూ చెల్లెలి వైపు చూశాడు. ఆమె ప్రతి ముద్దనూ చూసింది.

"మీ దేశంలో అందరూ ఇంతేనా?" అని వెటూరియా అడిగింది. "ఆగమంటే చచ్చేదాకా ఆగుతారా?"

"ఇతనొక్కడే" అంది రిన్‌స్కె.

"నియమం కదా" అన్నాడు డౌవె.

"నియమం అంటే బుర్ర ఇంట్లో పెట్టి రమ్మని కాదయ్యా. మా కుక్కలకు ఉంది ఆ మాత్రం."

పొద్దున్న చక్రం బిగించారు. రిన్‌స్కె గడ్డిలో గుడ్డ పరిచి, తన హ్యాండిల్ సంచిలోని తిండంతా దాని మీద గుమ్మరించింది. రెండు కుప్పలు చెయ్యడం మొదలెట్టింది. గ్లూకోజ్ బిళ్ళలు సగం సగం. రొట్టెలు చెరొకటి. జామ్ అతని కుప్పలో. పళ్ళరసం డబ్బాలు మూడు అటు, ఒకటి ఇటు.

డౌవె నిలబడి చూశాడు. "ఇదేమిటి?"

"నీ తిండి. ఇకనుంచి నీ సంచిలో ఉంటుంది."

"హంగరీలో నువ్వే లాక్కున్నావు."

"లాక్కున్నాను. హంగరీకి ముందే లాక్కున్నాను, గుర్తు చేసుకో." ఆమె తల ఎత్తలేదు. "నువ్వు నన్ను వదిలి పోతావని భయం. తిండి నా దగ్గరుంటే పోవని."

అతను గడ్డం గోక్కున్నాడు. తర్వాత వంగి, ఒక్కొక్కటే తీసి తన సంచిలో సర్దుకున్నాడు. జామ్ సీసా చుట్టూ మేజోడు తొడిగాడు, పగలకుండా.

"ఇప్పుడు పోతావా?" అని ఆమె అడిగింది. ఎగతాళిగా అందామనుకుంది గానీ అలా రాలేదు.

"నాకేం తెలుసు" అన్నాడు. "కాళ్ళున్నాయి. దారుంది. ఆపేదేమీ లేదు." సంచి కట్టు బిగించి ఆమె వైపు చూశాడు. "సూది మాత్రం నిన్ను చూశాకే వేసుకుంటా. అది ఒట్టు."

వెటూరియా కుక్కల్ని పట్టుకుంది. మట్టి దారి ఎదురుగా మెల్లగా పైకి పోతోంది. ఎక్కుడు మొదలవగానే ఎప్పటిలాగే డౌవె ముందుకెళ్ళాడు. రిన్‌స్కె ఇవాళ చక్రం వైపు చూడలేదు, తొక్కుళ్ళు లెక్కపెట్టలేదు, అతని వీపు వైపే చూస్తూ తొక్కింది. వంద మీటర్లు. రెండు వందలు. పిలిస్తే వినబడే దూరం దాటింది. నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. అతను వంపు దగ్గరికి చేరాడు, ఒక్క క్షణం నీలం టోపీ కనబడింది, తర్వాత అదీ చెట్ల వెనక్కి పోయింది.

ఆమె గేరు మార్చి తొక్కుతూనే ఉంది.